తవ్వెడు నూకల అఫిడవిట్

రబ్బరు స్టాంపు కొట్టిన కాగితాన్ని నేను ఇప్పటికీ రెండుసార్లు చూస్తాను, ముందు వైపు ఒకసారి, వెనక వైపు ఒకసారి. బ్యాంకులో వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. నేను ఎవరి కూతురినో తేల్చుకోవడానికి నర్సీపట్నం కోర్టు పక్క రేకుల షెడ్డు కింద నాలుగు రోజులు పడిగాపులు పడ్డ మనిషిని. ఆ నాలుగు రోజుల్లో నేను అనుమానించని వాళ్ళు లేరు. అమ్మని అనుమానించాను, పక్కింటి అత్తని అనుమానించాను, ఒక మధ్యాహ్నం నన్ను నేనే అనుమానించుకున్నాను.

తొంభైల చివరి సంగతి ఇది. నాకు డియస్సీలో టీచరు పోస్టు వచ్చింది. మా ఊరు మాకవరపాలెం దాటి లోపలికి వెళ్ళాలి. నాన్న నేను ఇంటర్లో ఉండగానే పోయాడు. అప్పటి నుంచీ అమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళి నన్ను బీఎడ్ దాకా లాక్కొచ్చింది. జీడి సొన అంటి అంటి ఆమె వేళ్ళు నల్లబడి, చివర్లు పొట్టు లేచిపోయి ఉండేవి. అన్నంలో ఉప్పు కలిపితే చురుక్కుమనేది, పైకి చెప్పేది కాదు. నా మొదటి జీతం వచ్చిన రోజున ఆ పని మానిపించాలని నేను ఎప్పుడో అనుకున్నాను. పోస్టు వచ్చిందని తెలిసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ వేళ్ళే.

విశాఖపట్నంలో సర్టిఫికెట్ల పరిశీలన. అక్కడ బల్ల వెనక కూర్చున్న ఆఫీసరు నా పదో తరగతి సర్టిఫికెట్‌ను, మండలాఫీసు ఇచ్చిన కుల ధ్రువీకరణ పత్రాన్ని పక్కపక్కన పెట్టుకుని, కళ్ళజోడు పైకి తోసి, కిందికి దించి, నా వైపు చూశాడు.

"ఎవరి సర్టిఫికెట్లు పట్టుకొచ్చావమ్మా?"

"రెండూ నావేనండి."

"మరి నాన్నలు ఇద్దరెందుకున్నారు? ఇంటిపేర్లు కూడా రెండున్నాయి."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. వచ్చే శుక్రవారం సాయంత్రం లోపు నన్ను కన్న తల్లి దగ్గర ఒక అఫిడవిట్, సర్టిఫికెట్లో తండ్రిగా ఉన్నాయన భార్య దగ్గర ఇంకొక అఫిడవిట్, రెండూ నోటరీ చేయించి తెమ్మన్నాడు. తేకపోతే పోస్టు నా తరవాతి వాళ్ళకి పోతుందని కూడా చెప్పాడు. దొంగను చూసినట్టు చూశాడు కానీ, ఆయన తప్పూ లేదు. ఆ కాగితాలు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

అసలు జరిగింది ఇది. నాకు ముందు అమ్మకి ఇద్దరు పిల్లలు పుట్టి, నడక రాకుండానే పోయారు. మూడోదాన్ని నేను. అలాంటి ఇళ్ళలో మా వైపు పిల్లని అమ్మేస్తారు. పదకొండో రోజున అమ్మ నన్ను చేటలో పడుకోబెట్టి వీధి చివర పెంటపోగు దగ్గర పెట్టింది. పక్కింటి అత్త అటుగా వచ్చినట్టు వచ్చి, తవ్వెడు నూకలు అమ్మ కొంగులో పోసి, నన్ను ఎత్తుకుంది. అమ్మ కొనుక్కోమని, అత్త సరేనని, అంతా ముందే అనుకున్నదే. ఆ రోజు నుంచీ నేను అత్త పిల్లనని లెక్క. అత్త తరఫున అమ్మ పెంచుతుందన్నమాట. చావు వెతుక్కుంటూ మా ఇంటికొస్తే, ఇక్కడున్నది మా పిల్ల కాదు కదా, ఉత్త చేతులతో పోతుంది.

అమ్మ ఈ లెక్కని ఆటగా ఆడలేదు. ఊళ్ళోకి చుట్టాలొచ్చి "మీ అమ్మాయా?" అంటే, "మాది కాదు, పక్కింటోలది" అనేది. బస్సులో కండక్టరు అడిగినా అదే మాట. చిన్నప్పుడు నేను దీని మీద చాలాసార్లు ఏడ్చాను. ఏడిస్తే అత్త నన్ను చంకనేసుకుని బెల్లం ముక్క పెట్టేది. అమ్మ తలుపు పక్క నుంచి చూస్తూ ఉండేది, దగ్గరికొచ్చేది కాదు.

బడిలో చేర్పించింది కూడా అత్తే. మేష్టారు తండ్రి పేరు అడిగితే తన మొగుడి పేరు చెప్పింది, తన ఇంటిపేరే చెప్పింది. ఇంకెవరి పేరు చెబుతుంది? అమ్మేసిన పిల్లని అమ్మినవాళ్ళ పేరు మీద రాయిస్తే అమ్మకం ఏముంది? అమ్మ గేటు బయట నిలబడి అంతా విని తల ఊపిందట. రేషన్ కార్డులో మాత్రం, ఊరందరికీ తెలిసిన సంగతే కాబట్టి, నేను మా ఇంట్లోనే ఉన్నాను. మండలాఫీసు వాళ్ళు రేషన్ కార్డు చూసి కులం సర్టిఫికెట్ రాశారు. అత్త మొగుడు నేను ఐదో తరగతిలో ఉండగా పోయాడు. ఆయన కొడుకు నాకు వరసకి బావ, కాగితం మీద అన్న.

సోమవారం నేనొక్కదాన్నే నర్సీపట్నం వెళ్ళాను. కోర్టు పక్కన టైపు మిషన్ల వాళ్ళు వరసగా కూర్చునేవారు. పాసుపుస్తకం పోయిందని ఒకరు, పెళ్ళయిందని ఒకరు, చదువు మధ్యలో రెండేళ్ళు ఇంట్లోనే ఉన్నానని ఒకరు, బతికే ఉన్నానని ఒక ముసలాయన. మనిషి ఎదురుగా నిలబడి బతికే ఉన్నానని చెబితే చాలదట, స్టాంపు పేపరు మీద చెప్పాలి. నోటరీ లాయరుగారు చివరి బల్ల దగ్గర ఉన్నారు. నల్లకోటు కుర్చీకి తగిలించి ఉంది. నా కథంతా విని, పెన్ను మూత పెట్టేశారు.

"దొంగ సర్టిఫికెట్లతో ఇక్కడికి చాలామంది వచ్చారమ్మా. అందరి దగ్గరా కథలు బానే ఉంటాయి. ఆ ఇద్దర్నీ తీసుకురా. నా ఎదుట నోటితో చెప్పాలి, వేలిముద్ర వెయ్యాలి. అప్పుడే సీలు."

మంగళవారం అమ్మ నాతో బయల్దేరింది. అత్త వస్తానని చెప్పి, తీరా బస్సు టైముకి జ్వరమని కబురు పెట్టింది. సరేలే అనుకున్నాను. కానీ బస్సు మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి చూశాను కదా, అత్త పెరట్లో నిలబడి పిడకలు కొడుతోంది. అమ్మ కూడా చూసింది.

"జొరం అట," అంది అమ్మ. "ముద్ర ఎయ్యదే అది. నీకు ఉద్యోగం వొచ్చినాది కదా, ఇప్పుడు నువ్వు నిజంగా దాని కూతురివే అంటాది. సూడు కావాలంటే."

ఆ మాట నా బుర్రలో పురుగులా దూరింది. అత్త గురించి అప్పటిదాకా అలాంటి ఆలోచన రాలేదు. వచ్చాక మాత్రం అన్నీ దానికి సరిపోయినట్టే కనిపించాయి. రిజల్టు వచ్చిన రోజు వీధంతా "మా గుంట టీచరయిపోనాది" అని చాటింది ఎవరు? అత్తే. సంతోషంతో అందనుకున్నాను. ఇప్పుడు వేరేగా వినిపించింది. ఇద్దరూ కలిసి వస్తేనే సీలని లాయరుగారు ఆ రోజు మమ్మల్ని తిప్పి పంపేశారు.

బుధవారం తమాషా తిరగబడింది. అత్త తన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. ఈసారి అమ్మ రాలేదు, కళ్ళు తిరుగుతున్నాయంది. ముందు రోజు నాతో బస్సులో అంత హుషారుగా చాడీలు చెప్పిన మనిషికి తెల్లారేసరికి కళ్ళెందుకు తిరిగాయో నాకు అర్థం కాలేదు. షెడ్డు కింద బావ నన్ను పక్కకి పిలిచాడు.

"సూడూ, కాగితం మీద మా నాన్న కూతురివి నువ్వు. రేపు పొలంలో వాటా అంటే నానేటి సెయ్యాల? మా ఆస్తిలో నీకు అక్కు లేదని కూడా అందులో రాయించు. అలగైతేనే అమ్మ ముద్ర ఏస్తాది."

"ఆ ఎకరం చెక్కలో నాకు వాటా ఎందుకు బావా?"

"ఇప్పుడొద్దంటావు. రేపెవరు సూసొచ్చినారు?"

నాకు ఒళ్ళు మండింది. చిన్నప్పుడు నా పలక మీద ఉమ్మేసి చెరిపిన వెధవ, ఇప్పుడు నా మీద అనుమానపడుతున్నాడు. అయినా రాయమన్నాను. టైపిస్టు ఆ వాక్యం కొడుతుంటే అత్త నా వైపు చూడలేదు. అమ్మ చెప్పిందే నిజమనుకున్నాను, తల్లీకొడుకులు మాట్లాడుకునే వచ్చారు. అమ్మ లేకపోవడంతో ఆ రోజూ సీలు పడలేదు.

వాళ్ళు బస్సెక్కి వెళ్ళిపోయాక నేను టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. అప్పుడొచ్చింది అసలు అనుమానం. అమ్మ ఎందుకు రాలేదు? నా కూతురే అని చెప్పడానికి కన్నతల్లికి కళ్ళు తిరగడమేమిటి? ఈ నూకల కథ నాకైనా ఊరికైనా చెప్పింది వాళ్ళిద్దరే. ఇద్దరు బిడ్డలు పోయి ఏడుస్తున్న మనిషికి పక్కింటావిడ తన బిడ్డనే ఇచ్చి, పైకి అమ్మకమని చెప్పి ఉంటే? టీ కొట్టు గోడకి పగిలిన అద్దం ఉంది. అందులో నా ముక్కు చూసుకున్నాను. అత్త ముక్కులాగే ఉందనిపించింది. ఇరవై నాలుగేళ్ళ మనిషిని, పిల్లలకి పాఠాలు చెప్పబోతున్నదాన్ని, పట్టపగలు నర్సీపట్నం నడిబొడ్డున ముక్కు తడుముకుంటూ కూర్చున్నాను. టీ కొట్టాయన ఇంకో టీ కావాలా అన్నట్టు చూశాడు.

సాయంత్రం ఇంటికొచ్చి అమ్మని నిలదీశాను. చాలా కోపంగా అడిగాను, నిజమే. నీ కూతురిని కాకపోతే ఆ ముక్క చెప్పెయ్యి, శుక్రవారం దాకా ఊరికే తిప్పకు అన్నాను. అమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"కాగితం మీద నా కూతురని రాసీసి, ముద్ర కొట్టీసి, ఆ తరవాత నీకేటైనా అయితే?" అంది చివరికి. "కాగితం సదివేది ఆపీసరొక్కడే అనుకున్నావేటి? అమ్మీసిన పిల్లని మళ్ళీ నాదే అంటే ఊరుకుంటాదా అది?"

అది అంటే చావు. అమ్మ ఆ మాట పేరు పెట్టి అనదు.

"ఉద్యోగం పోతుందమ్మా."

"ఉద్యోగం లేకపోనా బతుకుతావు."

నా కోపం పోలేదు, అక్కడే ఉంది, ఏం చెయ్యాలో తెలియక. ఆ కోపంతోనే పక్కింటికి వెళ్ళాను. అత్త చేటలో బియ్యం చెరుగుతోంది. జ్వరమని అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను. పొలం గురించే అయితే సూటిగా చెప్పి ఉండాల్సింది అన్నాను.

అత్త చేట కింద పెట్టింది. "పొలం గోల ఆడిది. ఆడికలగ పిచ్చి. మీయమ్మ నూకలు తిరిగి తెచ్చినాదా?"

"నూకలేమిటి?"

"కొన్న పిల్లని ఉట్టినే వొదిలీమంటే నానెలగ వొదులుతాను? బేరం తిరగాల. అది నూకలియ్యాల, నాను నిన్నియ్యాల. అలగ కాకుండా ముద్ర ఏసీస్తే నువ్వు దానికీ లేవు, నాకూ లేవు. నడిమద్దిని ఉండిపోతావు. అలగ ఉన్న పిల్లలకి మంచిది కాదు."

"మరి అమ్మనే అడగొచ్చు కదా?"

"ఎలగడుగుతాను? నూకలు తే అంటే, నిన్ను వొదిలించుకోడానికి సూస్తన్నాననుకోదా?"

అంటే వీళ్ళిద్దరూ ఒకే భయంతో, ఒకరినొకరు అడగలేక, జ్వరాలూ కళ్ళు తిరగడాలూ తెచ్చుకున్నారు. నేను మధ్యలో ముక్కు చూసుకుంటూ తిరిగాను. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఇంటికొచ్చి అమ్మకి ఆ మాట చెప్పాను. అమ్మ లేచి తిరుగలి దగ్గరికెళ్ళి గుడ్డ పరిచింది.

గురువారం పొద్దున్నే నేను జడ వేసుకుంటుంటే అమ్మ నూకలు కొలిచింది. మా ఇంట్లో ఒక పాత ఇత్తడి తవ్వ ఉండేది. దాని నిండా పోసి, అరచేత్తో తల కొట్టి, గుడ్డలో ఒంపింది. ఆ తరవాత చుట్టూ చూసి, గుడ్డలోంచి ఒక పిడికెడు తీసి కుండలో వేసేసింది. నేను అద్దంలోంచి చూశాను.

"అదేంటమ్మా, తక్కువైపోదూ?"

"నువ్వు బేగి తయారవ్వు."

ఇక్కడ కూడా కక్కుర్తేనా అనుకున్నాను. ఉద్యోగం అంచు మీద వేలాడుతుంటే ఈవిడ పిడికెడు నూకల దగ్గర మోసం చేస్తోంది. అత్త కొలిచి చూసుకుంటే ఏమవుతుంది? మూడు రోజులు పడ్డ పాటు గంగలో కలుస్తుంది. బస్సులో ఉన్నంతసేపూ నాకు ఆ మూట మీదే కళ్ళు.

షెడ్డు దగ్గర అత్త, బావ మాకన్నా ముందే ఉన్నారు. లాయరుగారు ముందు అమ్మ కాగితం తీసుకుని చదివారు. ప్రమాణపూర్వకముగా తెలియజేయునది ఏమనగా, ఫలానా అమ్మాయి నా కడుపున పుట్టిన కుమార్తె అనియు, పాఠశాల రికార్డులో పొరపాటున వేరొకరి పేరు తండ్రిగా నమోదైనదనియు. చదివి, అమ్మని చూశారు.

"ఈ అమ్మాయి మీకేమవుతుంది?"

అమ్మ నోరు తెరిచింది, మూసింది. అత్త వైపు చూసింది. లాయరుగారు సీలు డబ్బా మీద నుంచి చెయ్యి తీసేశారు.

"మీరు నోటితో చెప్పకపోతే నేను వెయ్యనమ్మా. పక్కావిడ వైపు చూస్తున్నారేంటి? ఎవరైనా బెదిరించారా?"

"ఒక్క నిమిషం బాబూ," అంది అమ్మ. మూట విప్పింది. అత్త లేచి కొంగు పట్టింది. అన్ని టైపు మిషన్లూ ఆగిపోయాయి. అమ్మ నూకలు కొంగులో పోసింది. "నీ నూకలు నీకిచ్చీసినాను, వొదినా. సరిపోనాయా?"

అత్త కొంగు మూలలు పట్టుకుని ఒకసారి ఎత్తి చూసింది. బియ్యం చెరిగే చెయ్యి అది, బరువు తెలియకుండా ఉండదు. తలెత్తి అమ్మని చూసింది.

"సరిపోనాయి," అంది అత్త. "నీ పిల్లని నువ్వు తీసుకో."

అమ్మ లాయరుగారి వైపు తిరిగింది. "నా కూతురే బాబూ. నానే కన్నాను."

ఆ మాట అమ్మ నోటి నుంచి వినడం నాకదే మొదటిసారి. ఇరవై నాలుగేళ్ళు ఆగిన మాట, టైపు మిషన్ల మధ్య, పరాయి మనిషితో అంది. నాకు ఏడుపొచ్చింది. ఎవరికీ కనిపించకుండా ఫైలు సర్దుకున్నాను.

అమ్మ బొటనవేలు సిరాలో అద్ది కాగితం మీద ఒత్తితే నల్లటి మచ్చ పడింది కానీ గీతలు పడలేదు. లాయరుగారు కాగితం వెలుతురుకి ఎత్తి చూశారు. "ఇదేంటమ్మా, మీ వేలికి గీతల్లేవు?" జీడిపిక్కల పని అని నేను చెప్పాను. ఆయన అమ్మ చెయ్యి తిప్పి చూసి, ఇంకేమీ అడగకుండా రెండో చేతి వేలు వేయించారు. అందులో కొన్ని గీతలు పడ్డాయి.

తరవాత అత్త కాగితం. సదరు అమ్మాయి మాకు పుట్టిన సంతానం కాదనియు, మా ఆస్తిలో ఆమెకు ఎటువంటి హక్కు లేదనియు, ఆమెకు మాతో ఎటువంటి సంబంధము లేదనియు. బావ తృప్తిగా తల ఊపాడు.

"అక్కు లేదంటే సాలదా బాబూ?" అంది అత్త. "సంబందం కూడా లేదనాలా?"

"ఆ మాట ఉంటేనే ఆఫీసు వాళ్ళు ఒప్పుకుంటారమ్మా. లేకపోతే మళ్ళీ మొదటికొస్తుంది."

అత్త ఒక చేత్తో నూకల కొంగు పట్టుకునే, రెండో చేతి వేలు సిరాలో ముంచింది. ఎక్కడ వెయ్యాలో లాయరుగారు చూపించారు. వేసేసింది. ఎర్ర సీలు రెండు కాగితాల మీదా పడింది. శుక్రవారం మధ్యాహ్నానికి అవి విశాఖపట్నంలో ఆ ఆఫీసరు బల్ల మీద ఉన్నాయి. ఆయన వాటిని ముందూ వెనకా తిప్పి చూసి, నా పేరు ఎదురుగా టిక్కు పెట్టాడు. జూన్‌లో రోలుగుంట వైపు బడిలో చేరాను. అమ్మ జీడిపని మానేసింది. ఆ అఫిడవిట్ల నకళ్ళు ఇప్పటికీ నా ఫైల్లో ఉన్నాయి.

అయితే ఆ గురువారం బస్సులో తిరిగొస్తుంటే నాకు ఒక్కటే పట్టుకుంది. అత్త, బావ ముందు సీట్లో ఉన్నారు. నూకల మూట అత్త ఒళ్ళో ఉంది. తక్కువని అత్తకి తెలుసు, నేను ఆమె మొహం చూశాను. తెలిసీ సరిపోయాయని ఎందుకంది? అమ్మ అసలెందుకు తగ్గించింది? చావు మళ్ళీ వస్తే, ఈ పిల్ల ఇంకా పూర్తిగా మాది కాలేదని చెప్పడానికి ఓ పిడికెడు దాచిందనుకున్నాను. అమ్మ చెవిలో అదే అడిగాను.

అమ్మ ముందు సీటు వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"మొత్తం ఇచ్చీస్తే, ఆవిడకి నువ్వేటవుతావే?"

ఆ మాటని మాత్రం నేను తిప్పి చూడలేదు.